ముప్ఫై ఒక్కమందిని ఒక్కటిగా లెక్కేశారు

2025 వేసవి మొదలు. అనకాపల్లి కోర్టు వీధి మలుపులో నా టైపు షాపు. పదడుగుల గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బయట ఒక బెంచీ. బెల్లం లారీలు మలుపు తిరిగినప్పుడల్లా గోడమీద క్యాలెండరు వణుకుతుంది. జనం తెలుగులో చెప్పుకున్న గోడుని ఇంగ్లీషు అర్జీగా కొట్టి ఇవ్వడం ముప్ఫై ఏళ్ళుగా నా పని. బజారంతా నన్ను టైపు వరాలమ్మ అంటారు. నోరు కాస్త ఎక్కువని కూడా అంటారు, అదీ అబద్ధం కాదు.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అర్జీ ఇంగ్లీషులో మాటలు ఒంటరిగా తిరగవు. 'కైండ్‌లీ' అని కొడితే చాలు, వేళ్ళు వాటంతటవే 'డూ ది నీడ్‌ఫుల్' దగ్గరికి పోతాయి. 'టేక్' వెనకాల 'నెసెసరీ యాక్షన్' రావాల్సిందే. 'కీప్' వచ్చిందంటే 'ఇన్ అబేయన్స్', అంటే ఆ పని ప్రస్తుతానికి పక్కన పెట్టండి అని. ఇలాంటి జట్లు ఓ యాభై వస్తే ఈ వృత్తిలో బతికెయ్యొచ్చు. నేను బతికాను. నా కంప్యూటర్‌లో మాస్టర్ ఫైల్ అని ఒకటుండేది. పేరూ, ఊరూ, గోడూ మార్చుకుంటే అర్జీ తయారు. ఒకే గోడు చాలామందిదైతే మెయిల్ మెర్జ్ అనే సదుపాయం ఉంది. పేర్ల జాబితా ఇస్తే అదే ఉత్తరాన్ని ఒక్కొక్కరి పేరుతో మిషనే నింపుకుంటూ పోతుంది. దాని మీద నాకు చాలా గీర ఉండేది.

ఆ వేసవిలో నూకాలమ్మ నా బెంచీ మీదకొచ్చి కూర్చుంది. పూడిమడక వైపు నుంచి తొలి బస్సులో చేపల తట్టతో వచ్చే మనిషి. అరవై దాటి ఉంటాయి. ఇరవై ఆరేళ్ళుగా మార్కెట్ పక్క చేపల అరుగు మీద ఒకే చోట కూర్చుని అమ్ముతోంది. చేతిలో ఒక కాగితం. మార్కెట్ గేటు పక్క గోడకి ప్రాజెక్టు ఆఫీసువాళ్ళు అంటించిన నోటీసుని ఊడబీకి తెచ్చింది. వెనకాల జిగురు ఇంకా తడిగానే ఉంది.

చదివి చెప్పాను. అరుగు తీసేసి అక్కడ కార్లకి పార్కింగు కడతారట. అక్కడ చేపలమ్మే ముప్ఫై ఒక్కమందీ హైవే అవతల కొత్త షెడ్డుకి పోవాలట. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసి ఇవ్వాలట, అదీ ఇంగ్లీషులోనే, ఎందుకంటే ప్లాను గీసే కంపెనీ వేరే రాష్ట్రంవాళ్ళది. ఆ షెడ్డు దగ్గర బస్సు ఆగదు. తట్ట నెత్తిన పెట్టుకుని హైవే దాటి నడవాలి. నూకాలమ్మకి మోకాళ్ళు రెండూ పాడు. అక్కడికి పొమ్మంటే ఆవిడ అమ్మకం మానేసి ఇంట్లో కూర్చోవలసిందే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇది మాకిట్టం నేదని రాసియ్యి తల్లీ. ముప్పైయొక్కమందిమీ ఒకటే మాట. ఒక్క అచ్చరం తేడా రాకూడదు," అంది.

వాళ్ళ ఊళ్ళో ఏ పెద్ద సంగతి వచ్చినా అందరూ కూర్చుని ఒక మాట అనుకుంటారు. దాన్ని కట్టు అంటారు. కట్టు కట్టుకున్నాక ఎవరు వేరే మాట మాట్లాడినా వాళ్ళని మనిషిగా చూడరు. నాకు ఇంకేం కావాలి? మాస్టర్ ఫైల్ తెరిచాను, ముప్ఫై ఒక్క పేర్లు ఇచ్చాను, మెయిల్ మెర్జ్ నొక్కాను. పావుగంటలో అయిపోయింది. అందరి చేతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టించుకుని నూకాలమ్మ ఆ కాగితాల కట్టని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయింది.

తొమ్మిది రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి బెంచీ మీద కూర్చోలేదు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితం నా టేబులు మీద పెట్టి, ఏం రాశారో చదవమంది. అందిన అభ్యంతరాలు: ఒకటి. తక్కిన ముప్ఫైకీ ఎదురుగా 'డూప్లికేట్' అని ఉంది. ఆ ఒక్కటీ అక్షరక్రమంలో మొదటి పేరున్న ఎవరో అప్పలకొండది.

నాకు ఒళ్ళు మండిపోయింది. షాపుకి తాళం పెట్టి తిన్నగా ఆ ఆఫీసుకి వెళ్ళాను. ప్రాజెక్టు ఆఫీసరు కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. నేను అరిచినంతసేపూ అరవనిచ్చి, ముప్ఫై ఒక్క కాగితాలూ టేబులు మీద పేకముక్కల్లా పరిచి చూపించాడు.

"మేడమ్, ఇవి ముప్ఫై ఒకటి కాదు, ఒక్కటే. ఆ ఒక్కటి కూడా వాళ్ళది కాదు, మీది. ఇందులో చేప అనే మాట ఎక్కడుందో మీరే చూపించండి."

చూశాను. లేదు. 'అవర్ లైవ్లీహుడ్ విల్ బి అడ్వర్స్‌లీ ఎఫెక్టెడ్' అని ఉంది, 'కైండ్‌లీ డూ ది నీడ్‌ఫుల్' అని ఉంది. నలభై అరుగులకీ, నాలుగొందల ఊళ్ళకీ సరిపోయే ఉత్తరం. అతను అన్నది సగం నిజమని తెలిసేసరికి నా కోపం రెట్టింపయింది. గడువు ఇంకా ఆరు రోజులుంది, ఎవరి కాగితం వాళ్ళదిగా ఇస్తే తీసుకుంటాననీ, రాసినవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి హియరింగ్ పెడతాననీ అన్నాడు. హియరింగ్ అంటే రాసినదాన్ని మనిషి ఎదురుగా నిలబడి చెప్పుకోవడం. అతని ముఖం చూస్తే ఆ ముప్ఫై ఒక్కమందీ ఎలాగూ రారులే అన్న ధీమా కనిపించింది. అది చూశాక ఇంక ఊరుకునే ప్రశ్నే లేదు.

మా పక్క జెరాక్సు షాపు అప్పలరాజు నా వాలకం చూసి నవ్వాడు. "వరాలప్పా, ఈ రోజుల్లో ఆ పని మనిసి సేత్తాడేటి? ఫోనులో ఏఐకి పడేసేవంటే ముప్పై రకాలుగా తిప్పి ఇచ్చేత్తాది," అన్నాడు. పడేశాను. నిమిషంలో ఇచ్చింది కూడా. ఒకదాంట్లో జీవనోపాధి దెబ్బతింటుంది, ఇంకోదాంట్లో ఉపాధికి విఘాతం కలుగుతుంది, మరోదాంట్లో ఆర్థిక భద్రత ప్రమాదంలో పడుతుంది. ఇంగ్లీషు నాకంటే వెయ్యి రెట్లు బాగుంది. కానీ చీరల షాపులో ఒకే బొమ్మకి ముప్ఫై చీరలు మార్చినట్టుంది. మొదటిదాన్ని తెలుగు చేసి నూకాలమ్మకి వినిపిస్తే, ఇది ఎవరి గురించి అని అడిగింది. నీ గురించే పిన్నీ అన్నాను. నేనే ఆ కాగితాలు చింపేశాను.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలయింది. మధ్యాహ్నం అమ్మకం అయ్యాక ఒక్కొక్కరినే పిలిచి, నీ గోడు నువ్వు చెప్పు అన్నాను. పెదవి విప్పితే ఒట్టు. ఆలకి రాసినట్టే నాకూ రాసెయ్యమ్మా అని ఒకరు, అందరిదీ ఏదో నాదీ అదే అని ఇంకొకరు. వేరేగా చెప్పు అన్నకొద్దీ నన్ను అనుమానంగా చూశారు. చివరికి నూకాలమ్మ తిన్నగానే అడిగేసింది.

"నానొక మాటా, పక్కది ఇంకో మాటా సెప్తే, మాలో మాకే పడ్డం నేదని రాసుకుంటారు ఆపీసోళ్ళు. మమ్మల్ని కట్టు దాటీమంటావేటి?"

ఒక్క నోటితో మాట్లాడటం వాళ్ళ బలం. ఆ ఒక్క నోరూ ఆఫీసు లెక్కలో ఒక్క మనిషి. కట్టు విప్పితే ఊళ్ళో తలెత్తుకోలేరు, విప్పకపోతే అరుగు పోతుంది. ఇదెక్కడి పితలాటకంరా దేవుడా అని తల పట్టుకున్నాను. అప్పటికి గడువు నాలుగు రోజులే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా అరుగు దగ్గరికే వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళుగా చేపలు కొంటున్నాను గానీ, ఆ అరుగు మీద ఎక్కి కూర్చోవడం అదే మొదటిసారి. తెలియక ఒక ఖాళీలో కూలబడ్డాను. పక్కనున్న పీతలావిడ చిట్టెమ్మ లెమ్మంది. అక్కడ కుళాయి నీళ్ళు ఆగుతాయి, పీతల బుట్ట ఆ తడిలోనే ఉండాలట. పైచివరకి జరిగాను. అక్కడ ఎండుచేపలమ్మే పైడితల్లి కసిరింది. తడి చీరతో వచ్చి తన సరుకు పాడు చేస్తానట. ఇలా ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు లేపేశారు, లేపినప్పుడల్లా ఒక కారణం చెప్పారు. బెంచీ మీద రెండు రోజులు నోరు విప్పనివాళ్ళు అక్కడ నన్ను తిట్టడానికి ధారాళంగా మాట్లాడారు.

అప్పుడు నూకాలమ్మ పక్కన చోటు చేసుకుని చెప్పాను. పిన్నీ, కట్టు దాటొద్దు, అడిగేది అందరూ ఒకటే అడగండి. ఎందుకు అడుగుతున్నారో అది మాత్రం ఎవరిది వాళ్ళు చెప్పండి. దానికి కట్టు లేదు కదా. ఆవిడ పొలుసు తీస్తున్న చేపని పక్కన పెట్టింది. తక్కిన ముప్ఫైమందినీ పిలిచింది, అందరూ తమలో తాము మాట్లాడుకున్నారు. ఒక షరతు పెట్టారు. ప్రతి కాగితం చివరా ఒకే మాట ఉండాలి, అక్షరం తేడా లేకుండా: ఈ జాగా విడిచి వెళ్ళను. ఒకే మాట చూస్తే ఆఫీసరు మళ్ళీ డూప్లికేట్ అని కొట్టేస్తాడేమోనని నా అనుమానం. అయినా సరే అన్నాను. ఆ మాట తీసేస్తే మిగిలేది నా ఉత్తరమే, వాళ్ళది కాదు.

రెండు రోజులు ఆ అరుగు మీదే కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత? మాస్టర్ ఫైల్ తీసేస్తే చిన్నచిన్న మాటలే మిగిలాయి. సిట్, గివ్, టేక్, కీప్, వాటర్, బస్, ఫిష్. ఇంటర్‌లో కొన్న పాత డిక్షనరీ దుమ్ము దులిపాను. అందులో ఒక్కో మాట కింద ఆ మాట వాడిన వాక్యాలు నాలుగైదు ఉంటాయి. చదువుకునే రోజుల్లో వాటిని ఒక్కసారీ చూడలేదు, అర్థం చూసుకుని మూసేసేదాన్ని. ఇప్పుడు వేలుపెట్టి ఒక్కొక్కటీ చదివాను. నా ఫైల్లో అబేయన్స్‌తో తప్ప ఇంకెవరితోనూ కాపురం చెయ్యని 'కీప్'కి ఇంతమంది చుట్టాలున్నారని నాకు తెలీదు.

చిట్టెమ్మకి రాశాను: కుళాయి పక్కన కూర్చుంటేనే పీతల్ని 'కీప్ ఎలైవ్', ప్రాణంతో ఉంచగలను. పైడితల్లికి రాశాను: పైచివర ఎండ పడుతుంది, అక్కడైతేనే చేపల్ని 'కీప్ డ్రై', తడి తగలకుండా ఉంచగలను. మూడో ఆవిడ పాలసొర తెస్తుంది. ఆసుపత్రి వీధి నుంచి బాలింతలకి పాలు పడతాయని వాళ్ళ తల్లులు వెతుక్కుంటూ వస్తారు, వాళ్ళకోసం రోజూ ఒకటి 'కీప్ ఎసైడ్', తీసి పక్కన పెడుతుంది. షెడ్డుకి పోతే ఆ తల్లులు అంత దూరం రాలేరు. అదే చిన్న మాట, ముగ్గురాడవాళ్ళ దగ్గర మూడు బతుకులు. ఇద్దరు తోడికోడళ్ళు ఒకే జాగాని రోజు విడిచి రోజు వాడుకుంటారు, వాళ్ళకి 'టేక్' పక్కన 'టర్న్స్' వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నా చేతికింద 'టేక్' యాక్షన్ లేకుండా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పైడితల్లి కాగితంలో ఇంకొక సంగతి కూడా ఉంది. రోలుగుంట అవతల కొండల మీంచి ఒకావిడ సంతరోజు అడ్డాకుల కట్టలతో వస్తుంది. పైడితల్లి ఆకులు తీసుకుని ఎండు నెత్తళ్ళు ఇస్తుంది. ఆ ఆకుల్లోనే అరుగంతా చేపలు చుట్టి ఇస్తారు. కొండావిడకి ఈ బజారులో తెలిసిన చోటు ఆ అరుగొక్కటే. దానికి నేను రాసింది రెండు ముక్కలు: 'షి గివ్స్ మీ లీవ్స్. ఐ గివ్ హర్ ఫిష్.' రాసి, ఇది మరీ ఒకటో తరగతి ఇంగ్లీషులా ఉందే అని సిగ్గుపడ్డాను. తెలుగు చేసి వినిపిస్తే పైడితల్లి, "అవునమ్మా, అదే," అంది. ఇంక కొట్టెయ్యలేదు.

చివరికి నూకాలమ్మ మిగిలింది. ఆవిడది అరుగు నడిమధ్య. నీళ్ళు లేవు, ఎండ లేదు, ప్రత్యేకం ఏమీ లేదు. మోకాళ్ళ సంగతి రాస్తానంటే ఒప్పుకోలేదు. జాలిపడమని అడగడానికి నాను అడుక్కుంటన్నానేటి అంది. మరి ఏం రాయమంటావు పిన్నీ అంటే ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు రాశాను. అందరికీ కారణాలున్నాయి, నాకు లేవు. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నాను. ఈ జాగా విడిచి వెళ్ళను. అంతే, కాగితం మొత్తంలో మూడు వాక్యాలు. ఇది చాలదని నాకు భయం, ఎక్కువ రాస్తే తనది కాదని ఆవిడకి పట్టు. ఆవిడే గెలిచింది.

గడువు రోజున ముప్ఫై ఒకటీ ఇచ్చి, ముప్ఫై ఒక్క రసీదులు అడిగి తీసుకున్నాను. ఒక్క రసీదు చాలదా అన్న గుమాస్తాకి చాలదన్నాను.

హియరింగ్ రోజున అరుగు ఖాళీ చేసి అందరూ వచ్చారు. తట్టలు ఆఫీసు వరండాలో వరసగా పెట్టారు. వాసనకి గుమాస్తాలు ముక్కులు మూసుకున్నారు, మూసుకోనీ అనుకున్నాను. లోపల ఆ ప్రాజెక్టు ఆఫీసరు, పక్కన ప్లాను గీసిన ఇంజినీరు. ఇంజినీరుకి తెలుగు రాదు. కాగితం చదువుకుని ఇంగ్లీషులో అడుగుతాడు, ఆఫీసరు తెలుగు చేస్తాడు. పైడితల్లి వంతు వచ్చినప్పుడు ఆయన ఆ రెండు ముక్కల దగ్గర ఆగిపోయాడు. ఏం ఆకులు, ఎవరిస్తారు, ఎంత దూరం నుంచి అని అడిగాడు. పైడితల్లి కొండదారంతా చెప్పింది. ఆయన తన ప్లాను తీసి దానిమీద పెన్సిల్‌తో ఏదో రాసుకున్నాడు. మాస్టర్ ఫైల్‌తో నేను ముప్ఫై ఏళ్ళు కొట్టిన ఏ ఉత్తరం దగ్గరా ఎవరూ అలా ఆగడం నేను చూడలేదు.

తొమ్మిదిమంది అయ్యారు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అర్థమైందమ్మా, చివరి మాట అందరిదీ ఒకటే కదా, మిగిలినవి కూడా ఇలాగే ఉంటాయి, ఇంక వెళ్ళొచ్చు అన్నాడు. నేను నోరు తెరవబోయాను. నూకాలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే ముందుకెళ్ళింది.

"మొన్న అందరం ఒకటే మాటంటే ఒక్కర్నే లెక్కేసేరు. ఇయ్యాల ఎవురి మాట ఆలం సెప్తంటే అన్నీ ఒకటే అంటన్నారు. కూకో బాబూ. ఇంకా ఇరవై రెండుమందిమి ఉన్నాం."

గొంతు పెంచలేదు. ఆఫీసరు ఇంజినీరుకేసి చూశాడు, ఇంజినీరు ఆవిడ ఏమన్నదో చెప్పమన్నాడు. ఇంగ్లీషు చేసి చెప్పాక ఆయన కుర్చీ ముందుకు లాక్కుని పదో కాగితం తీశాడు. మధ్యాహ్నం భోజనానికి లేచారు, మళ్ళీ వచ్చారు. సాయంత్రం ఆఫీసు మూసేవేళకి నూకాలమ్మ ఒక్కతే మిగిలింది. ఆఫీసరు ఆవిడ కాగితం చూసి, ఇందులో కారణం రాయలేదేమిటమ్మా, కారణం లేకుండా ఎలా అన్నాడు.

"ఆ కుర్సీలో కూకోడానికి నువ్వు ఎవురికి కారణం రాసిచ్చేవు బాబూ?"

ఈసారి అతను ఇంగ్లీషు చెయ్యలేదు. నేను చేశాను. నాకు వచ్చిన చిన్న మాటలతోనే చేశాను, వాటిలో ఒక్క కైండ్‌లీ కూడా లేదు. ఇంజినీరు తల పంకించి ఆ కాగితం కూడా కట్టలో పెట్టుకున్నాడు.

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరాలు: ముప్ఫై ఒకటి. పార్కింగు మార్కెట్ వెనక్కి జరిగింది. అరుగు కొత్త ప్లానులో అక్కడే ఉంటుంది, కూర్చునేవాళ్ళ చోట్లు కొలిచి గీతలు గీస్తారు. షాపులో ఆ కాగితం చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, సిగ్గేమిటి. జనం గోడు రాస్తున్నాననుకుంటూ ముప్ఫై ఏళ్ళు నా గోడే రాశాను. ఎవరి మాటల పక్కన ఏ మాట కూర్చోవాలో వాళ్ళని అడక్కుండా నేనే తేల్చేశాను. ఈ వృత్తి నాకు ముందే నేర్పాల్సిన పాఠం అది, చేపలమ్మే ఆడవాళ్ళు తిట్టి నేర్పారు.

కొలతలకి ఆఫీసు నుంచి మనుషులొచ్చిన రోజు నేనూ అరుగు దగ్గరే ఉన్నాను. టేపు పట్టుకున్నతను ఆ చివర నుంచి ఒక్కొక్కరినీ లేపుతూ, వాళ్ళు లేచిన చోట కొలుచుకుంటూ వచ్చాడు. నడిమధ్యకి వచ్చి, కాస్త లేమ్మా, కొలవాలి అన్నాడు. నూకాలమ్మ కాళ్ళు ఇంకొంచెం చాపుకుంది.

"నాను లేత్తే అది ఉత్త సిమెంటు బాబూ. నన్ను కూడా కలిపి కొల్సుకో."

అతను అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగి, ఆవిడ చీర కుచ్చెళ్ళ మీంచే టేపు వేసి కొలిచాడు.